ఉద్యోగి ఇంటికి విశ్వవిద్యాలయాన్ని తెచ్చిన ఆచార్య జి. రామ్ రెడ్డి



మన సభ్యులలో చాలామంది పిల్లలు ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో కాపురముంటున్నారు. వారి ఇళ్ళకు పోయి వచ్చేటప్పుడు జూబ్లీహిల్స్ 46వ నంబరు రోడ్డు మీదుగా వెళ్ళినవారు మనలో ఎందరో ఉంటారు. ఆ రోడ్డుకు ఆచార్య జి. రామ్ రెడ్డి మార్గమని పేరు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ రోడ్డుమీదే ఉంది. దానికి దగ్గరలోనే దుర్గం చెరువు. 2020 సెప్టెంబరులో ఆ చెరువుపై తీగల వంతెన ప్రారంభమైన తరువాత, చెరువుకు ఇవతల ఉన్న ఈ చదువుల ఆవరణకూ అవతల ఉన్న హైటెక్ సిటీకీ దూరం ఇంకా తగ్గిపోయింది. వంతెన మీద ఆగి ఫోటోలు తీసుకునేవారు వేలమంది. ఆ రోడ్డుకు ఎవరి పేరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలిసినవారు మాత్రం తక్కువ.

ఈ ప్రత్యేక సంచికకు, ఉద్యోగులకు మేలు చేసిన ఒక పెద్దమనిషి జీవితాన్ని గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చినది రామ్ రెడ్డిగారే. జీతాలు పెంచిన మంత్రులను, పి.ఆర్.సి. కమిటీల పెద్దలను మనం ఎప్పుడూ తలుచుకుంటూనే ఉంటాము. కాని కొలువులో ఉండి, సంసారం ఈదుతూ, ముప్పై ఏళ్ళు దాటిన తరువాత మళ్ళీ పుస్తకం పట్టుకునే వీలు కల్పించిన వారిని తలుచుకోవడం అరుదు. వారు ఏర్పరచిన దారిలో నడిచినవారిలో నేనూ ఒకడిని. కనుక తెలిసినంత మేరకు నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

పుట్టుక, పెరిగిన కాలం

రామ్ రెడ్డిగారు 1929 డిసెంబరు 4న కరీంనగర్ జిల్లా మైలారంలో జన్మించారు. అప్పటికి అది నిజాం రాజ్యం. పై చదువులు చదవాలంటే హైదరాబాదు రావలసిందే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన అంతా ఉర్దూలో జరిగేది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, ఆపైన ఇంగ్లీషు. ఆ తరం తెలంగాణ పిల్లలు మూడు భాషల మధ్య పెరిగారు. పల్లెలో పుట్టిన పిల్లవాడికి విశ్వవిద్యాలయం ఎంత దూరమో ఆ తరానికి ఒకరు చెప్పనక్కరలేదు. బండి దారి, బస్సు దారి ఒక దూరమైతే, భాష ఇంకొక దూరం, డబ్బు మరొక దూరం.

వారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించి ఆచార్యులయ్యారు. ఆ రంగంలో దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. వారి పరిశోధన ముఖ్యంగా పంచాయతీరాజ్ వ్యవస్థ మీద సాగింది. మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో మొదలైన సంగతి మనలో పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు ఎలా పనిచేస్తున్నాయి, కాగితం మీద రాసిన అధికారం ఊరిలోని మనిషికి నిజంగా అందుతున్నదా లేదా అన్నది వారి పరిశీలన.

వారి తరువాతి పనికి మూలం ఇక్కడే ఉన్నదని నాకు అనిపిస్తుంది. పరిపాలన రాజధానిలో ఆగిపోకుండా పల్లెకు పోవాలని పంచాయతీరాజ్ చెప్పింది. చదువు కూడా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆగిపోకుండా మనిషి ఉన్న చోటికి పోవాలని రామ్ రెడ్డిగారు తన పని ద్వారా చూపించారు. రెండింటిలోనూ ఉన్న ఆలోచన ఒకటే.

ఉస్మానియా ఉపకులపతిగా

1977లో వారు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. అప్పటికి వారికి యాభై ఏళ్ళు కూడా నిండలేదు. 1982 వరకు ఆ పదవిలో ఉన్నారు.

ఆ రోజుల్లో కొలువు చేసుకుంటూ డిగ్రీ చదవదలచుకున్నవాని పరిస్థితి ఎట్లా ఉండేదో ఈనాటి పిల్లలకు కొంచెం చెప్పాలి. పగటి కాలేజీకి పోవాలంటే ఉద్యోగం మానుకోవాలి. సాయంకాలపు కాలేజీలు పట్నంలో కొన్ని ఉన్నా, అవి పట్నంలో ఉన్నవారికే పనికివచ్చేవి. మంచిర్యాలలోనో, నాగర్‌కర్నూలులోనో పనిచేసే గుమాస్తాకు, టీచరుకు, నర్సుకు ఆ దారి లేదు. పైగా పది తరువాతో, ఇంటరు తరువాతో చదువు ఆగిపోయినవారు చాలామంది. కారణాలు అందరికీ తెలిసినవే. తండ్రి పోవడం, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, పంట నష్టం, దొరికిన కొలువు వదులుకుంటే మళ్ళీ దొరుకుతుందో లేదోనన్న భయం.

పోస్టు ద్వారా పాఠాలు పంపే పద్ధతి మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఉస్మానియాలో కరస్పాండెన్సు కోర్సుల సంస్థ 1977లో, రామ్ రెడ్డిగారు ఉపకులపతి అయిన సంవత్సరమే ఏర్పడింది. ఈనాడు ఆ సంస్థకు వారి పేరే పెట్టారు. ఉస్మానియాలో దూరవిద్య చదివిన మన సభ్యుల పిల్లల సర్టిఫికెట్ల మీద ఆచార్య జి. రామ్ రెడ్డి దూరవిద్యా కేంద్రమన్న పేరు కనిపిస్తుంది.

కాని కరస్పాండెన్సు పద్ధతికి ఒక పరిమితి ఉంది. కాలేజీలో చేరడానికి ఏ అర్హత కావాలో దీనికీ అదే కావాలి. పాఠాలు పోస్టులో వస్తాయి, చదివి అర్థం చేసుకోవడం చదువుకునేవాని తలరాత. అడిగేందుకు మనిషి ఉండడు. చేరినవారిలో మధ్యలో మానేసేవారు ఎక్కువ. ఇంతకంటే మెరుగైన దారి కావాలని తోచడం సహజమే.

నాగార్జునసాగర్ దగ్గర మొలిచిన విత్తనం

ఆ మెరుగైన దారి అప్పటికే ఇంగ్లండులో కనిపించింది. అక్కడ 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడి, 1971లో విద్యార్థులను చేర్చుకున్నది. కర్మాగారాలలో, దుకాణాలలో, ఆఫీసులలో పనిచేసేవారు, ఇంటి పట్టున ఉన్న గృహిణులు ముందటి అర్హతలతో నిమిత్తం లేకుండా అందులో చేరారు. పుస్తకాలు వారికోసమే ప్రత్యేకంగా రాశారు. రేడియో, టెలివిజను వాడుకున్నారు. సందేహాలు తీర్చడానికి ఊరూరా కేంద్రాలు పెట్టారు.

మన రాష్ట్రంలో అటువంటిది పెట్టవచ్చునా అని పరిశీలించే బాధ్యత రామ్ రెడ్డిగారిపై పడింది. వారి నివేదిక వెంటనే కార్యరూపం దాల్చింది. శ్రీ భవనం వెంకటరామ్ ముఖ్యమంత్రిగా ఉన్నది 1982లో ఏడు నెలలే. ఆ కొద్ది కాలంలోనే, 1982 ఆగస్టు 26న, రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం ద్వారా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అవతరించింది. భారతదేశంలో అదే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. తొలి ఉపకులపతి రామ్ రెడ్డిగారే. ఉస్మానియా వంటి పేరున్న విశ్వవిద్యాలయాన్ని నడిపిన మనిషి, ఇంకా ఏమీ లేని చోట కొత్తగా మొదలుపెట్టడానికి సిద్ధపడ్డారు.

విశ్వవిద్యాలయాన్ని మొదట నాగార్జునసాగర్‌లో నెలకొల్పారు. ఒకప్పుడు దేశదేశాల నుండి భిక్షువులు వచ్చి చదువుకున్న కృష్ణాతీరమది. తరువాత అది హైదరాబాదుకు మారి, ఈనాటి జూబ్లీహిల్స్ ఆవరణకు చేరింది.

రామ్ రెడ్డిగారు అక్కడ అమలుచేసిన పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే వారి గొప్పతనం ఆ ఏర్పాట్లలోనే కనబడుతుంది.

మొదటిది ప్రవేశం. ఇంటరు ప్యాసైనవారు నేరుగా చేరవచ్చు. ఆ అర్హత లేనివారికి, అసలు బడి చదువే పూర్తికానివారికి, ఒక ప్రవేశ పరీక్ష పెట్టారు. అందులో నెగ్గితే డిగ్రీలో చేరవచ్చు. మా తరంలో ఎందరో అటెండర్లు, కండక్టర్లు, కార్మికులు ఆ పరీక్ష రాసి చేరారు.

రెండవది పుస్తకం. పేరున్న ఆచార్యులచేత పాఠాలు రాయించి, వాటిని పరిష్కరించి, పక్కన గురువు లేకపోయినా అర్థమయ్యే విధంగా అచ్చు వేయించారు. అది తెలుగులో కూడా దొరికేది. ఇంగ్లీషు భయంతో డిగ్రీ జోలికి పోనివారికి ఇది పెద్ద ఊరట.

మూడవది స్టడీ సెంటరు. కొత్త భవనాలు కట్టే పని పెట్టుకోలేదు. జిల్లాలలో అప్పటికే ఉన్న ప్రభుత్వ కాలేజీలలో, ఆదివారాలు ఖాళీగా ఉండే గదులనే తరగతులకు వాడుకున్నారు. ఆ కాలేజీ లెక్చరర్లే వచ్చి సందేహాలు తీర్చేవారు. పరిపాలనాశాస్త్రం తెలిసిన మనిషి చేసిన ఏర్పాటు ఇది. ఉన్న గదులతో, ఉన్న మనుషులతో, సెలవు రోజుతో కొత్త విశ్వవిద్యాలయం నడిచింది.

నాలుగవది ఆకాశవాణి. రేడియోలో పాఠాలు వచ్చేవి. ట్రాన్సిస్టరు ఉన్న ప్రతి ఇల్లూ ఒక తరగతి గది అయింది.

అయిదవది పరీక్ష. లోపలికి వచ్చే తలుపు వెడల్పు చేశారు గాని, బయటికి పోయే తలుపు వెడల్పు చేయలేదు. పరీక్ష రాసి ప్యాసైతేనే పట్టా. సానుభూతి మార్కులు లేవు. ఈ నియమం లేకపోతే ఆ పట్టాకు విలువే ఉండేది కాదు.

ఒక గుమాస్తా అనుభవం

ఇక్కడ నా సంగతి కొంత చెప్పుకోవడానికి సభ్యులు అనుమతించాలి. నా గొప్ప కోసం కాదు. ఆ పద్ధతి మామూలు ఉద్యోగి జీవితంలో ఎట్లా పనిచేసిందో చెప్పడానికి.

నేను ఇంటరుతో చదువు ఆపి 1973లో ఎల్.డి.సి.గా చేరాను. మా శాఖలో ఒక మెట్టు వరకు సర్వీసు, డిపార్టుమెంటు పరీక్షలు సరిపోయేవి. ఆ తరువాతి మెట్టుకు డిగ్రీ కావాలి. నాకంటే వెనుక చేరిన పట్టభద్రులు సీనియారిటీ జాబితాలో ముందుకు పోతుంటే చూస్తూ కూర్చున్నవాడిని. 1984లో, ముప్పై రెండేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తండ్రిగా బి.ఏ.లో చేరాను.

ఆదివారం తెల్లవారగానే అన్నం డబ్బా పట్టుకుని స్టడీ సెంటరుకు పోయేవాడిని. ఆ గదిలో నా పక్కన ఒక ఆర్.టి.సి. కండక్టరు, ముందు బెంచీలో ఇద్దరు స్టాఫ్ నర్సులు, వెనుక ఒక కానిస్టేబులు. ఒకాయన తలంతా నెరిసి, లెక్చరరుగారికంటే పెద్దవాడిలా కనబడేవాడు. లెక్చరరుగారు ఆయనను మీరు అని పిలిచేవారు. మా అందరినీ అట్లాగే పిలిచేవారు. కాలేజీలో విద్యార్థిని మీరు అనడం అంతకుముందు నేను చూడలేదు. చిన్న సంగతే గాని, పెద్దవయసులో చదువుకు వచ్చినవానికి సిగ్గు పోవడానికి అది చాలు.

నేను ఎంచుకున్న వాటిలో ప్రభుత్వ పాలనాశాస్త్రం ఒకటి. పదేళ్ళుగా ఫైళ్ళు మోసిన నాకు ఆ పుస్తకం కళ్ళు తెరిపించింది. ఫైలు కింది నుండి పైకి ఎందుకు పోవాలి, ఒక అధికారి కింద ఎంతమంది ఉంటే పని సాగుతుంది, ఒకే మనిషికి ఇద్దరు పైవాళ్ళు ఉంటే ఏమవుతుంది అన్నవన్నీ అందులో ఉన్నాయి. నేను రోజూ చేసే పనికి ఒక శాస్త్రం ఉన్నదని అప్పుడు తెలిసింది. ఆఫీసులో నోటు రాసే తీరు కూడా మారింది. మా సూపరింటెండెంటుగారు ఆ మార్పు గమనించారు.

కష్టం లేకపోలేదు. రాత్రి పిల్లలు పడుకున్న తరువాతనే పుస్తకం. పరీక్షల ముందు కూడబెట్టుకున్న ఎర్న్‌డ్ లీవు అంతా అయిపోయేది. ఆ మూడేళ్ళు పెళ్ళిళ్ళకు, పేరంటాలకు నా భార్య ఒక్కతే పోయి వచ్చింది. బంధువులలో నవ్వినవారూ ఉన్నారు. ఇంటికి కూర్చోబెట్టి ఇచ్చే పట్టా పట్టాయేనా అని ఆఫీసులో వెక్కిరించినవారూ ఉన్నారు. నాతోపాటు మొదటి ఏడాది కూర్చున్నవారిలో చివరి ఏడాదికి చాలామంది కనబడలేదు. ఉద్యోగం, బదిలీ, అనారోగ్యం, ఏదో ఒకటి వారిని వెనక్కు లాగింది.

1987లో నేను ప్యాసయ్యాను. రెండేళ్ళ తరువాత వచ్చిన ప్రమోషను ఆర్డరులో నా అర్హత గడిలో బి.ఏ. అని రాసి ఉంది. ఆ రెండు అక్షరాల వల్ల వచ్చిన ఇంక్రిమెంట్లు, దాని మీద లెక్కకట్టిన పింఛను ఈనాటికీ ప్రతి నెలా ఒకటో తారీకున నా ఖాతాలో పడుతూనే ఉన్నాయి. ఆ పట్టా ఎన్ని రూపాయల విలువ చేసిందో లెక్కలు వచ్చిన పింఛనుదార్లకు నేను వేరే చెప్పనక్కరలేదు.

రాష్ట్రం నుండి దేశానికి

నేను స్టడీ సెంటరులో రెండవ సంవత్సరంలో ఉండగానే రామ్ రెడ్డిగారు ఢిల్లీ వెళ్ళారు. మన రాష్ట్రంలో జరిగిన ప్రయోగాన్ని దేశం గమనించింది. 1985 సెప్టెంబరులో పార్లమెంటు చట్టం ద్వారా ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అందరూ ఇగ్నో అని పిలిచేది, ఏర్పడింది. దానికీ తొలి ఉపకులపతి రామ్ రెడ్డిగారే. రాష్ట్ర స్థాయిలో మొదటిదానిని, జాతీయ స్థాయిలో మొదటిదానిని రెండింటినీ నిలబెట్టినది ఒకే మనిషి కావడం విశేషం.

అక్కడ వారు తొందరపడలేదు. చట్టం వచ్చిన వెంటనే లక్షలమందిని చేర్చుకుని ఉంటే పత్రికలలో పెద్ద వార్త అయ్యేది. కాని పాఠ్యపుస్తకాలు, స్టడీ సెంటర్లు సిద్ధం కావడానికి సమయం తీసుకుని, 1987లో రెండే కోర్సులతో మొదలుపెట్టారు. ఒకటి మేనేజిమెంటులో డిప్లొమా, రెండవది దూరవిద్యలో డిప్లొమా. చేరినవారు 4,528 మంది. ఆ రెండు కోర్సుల ఎంపికలోనే వారి ఆలోచన తెలుస్తుంది. మేనేజిమెంటు డిప్లొమా ఉద్యోగంలో ఉన్నవారు పైకి పోవడానికి. దూరవిద్య డిప్లొమా ఈ పద్ధతిలో బోధించగల మనుషులను తయారుచేసుకోవడానికి. అంత చిన్నగా మొదలైన విశ్వవిద్యాలయంలో తరువాత లక్షల మంది చదువుకున్నారు. దాని హైదరాబాదు ప్రాంతీయ కేంద్రం మాదాపూర్ పక్కన కావూరి హిల్స్‌లో ఉండడం, అంటే వారు పెంచిన రెండు చెట్లూ హైటెక్ సిటీ ముంగిట్లోనే ఉండడం యాదృచ్ఛికమే అయినా, చూడముచ్చటగా ఉంటుంది.

ఇగ్నోను కేవలం ఒక విశ్వవిద్యాలయంగా కాక, దేశంలోని ఓపెన్ యూనివర్సిటీల ప్రమాణాలను చూసుకునే పెద్దదిక్కుగా కూడా చట్టంలోనే నిర్దేశించారు. 1987లో రాజస్థాన్‌లోని కోటాలో, బీహారులోని పాట్నాలో, 1989లో మహారాష్ట్రలోని నాసిక్‌లో ఓపెన్ యూనివర్సిటీలు వచ్చాయి. మన రాష్ట్రం వేసిన బాట అది.

1988లో ఓపెన్ యూనివర్సిటీల మీద రామ్ రెడ్డిగారి సంపాదకత్వంలో ఒక ఇంగ్లీషు గ్రంథం వెలువడింది. దంతపు మేడల తలుపులు బార్లా తెరుచుకున్నాయన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. వారి జీవితకాలపు కృషికి అంతకంటే తగిన పేరు లేదు.

1989 వరకు ఇగ్నోలో ఉండి, ఆ తరువాత వారు కెనడాలోని వాంకూవర్‌లో కామన్‌వెల్త్ దేశాల దూరవిద్య కోసం ఏర్పడిన కామన్‌వెల్త్ ఆఫ్ లెర్నింగ్ సంస్థలో కొంతకాలం పనిచేశారు.

అంబేద్కర్ పేరు

1991 అక్టోబరు 26న మన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అది ఆ మహనీయుని శతజయంతి కాలం. ఈ విశ్వవిద్యాలయానికి ఆ పేరు ఎంత చక్కగా సరిపోయిందో చాలామంది ఆలోచించరు. డబ్బు లేక, గడువు తీరి లండన్ చదువు మధ్యలో ఆపి 1917లో తిరిగి వచ్చిన అంబేద్కర్‌గారు బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ఉద్యోగం చేశారు. జీతంలో కూడబెట్టుకుని 1920లో మళ్ళీ లండన్ పోయి, ఆగిన చదువును పూర్తిచేసి, డాక్టరేటు, బారిస్టరు పట్టాలతో తిరిగివచ్చారు. ఉద్యోగం చేసి, మళ్ళీ విద్యార్థి అయిన మనిషి పేరు, ఉద్యోగులను మళ్ళీ విద్యార్థులను చేసే విశ్వవిద్యాలయానికి వచ్చింది.

చివరి సంవత్సరాలు

1991లో రామ్ రెడ్డిగారు విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యు.జి.సి. అధ్యక్షులయ్యారు. దేశంలోని మొత్తం ఉన్నత విద్యకు అది పెద్ద పదవి. ఆ కాలంలో ప్రభుత్వం దగ్గర డబ్బు తక్కువ, విశ్వవిద్యాలయాల అవసరాలు ఎక్కువ. కేంద్ర విశ్వవిద్యాలయాలకు నిధులు ఏ లెక్కన ఇవ్వాలో చెప్పడానికి జస్టిస్ పున్నయ్యగారి కమిటీ పనిచేసినది అప్పుడే. కాలేజీల, విశ్వవిద్యాలయాల నాణ్యతను పరిశీలించి గ్రేడు ఇచ్చే న్యాక్ అనే సంస్థ బెంగుళూరులో 1994లో ఏర్పడినదీ వారి హయాంలోనే. ఈనాడు మనవళ్ళను కాలేజీలో చేర్చేముందు ఆ కాలేజీకి న్యాక్ ఏ గ్రేడు ఇచ్చిందని మనం అడుగుతున్నాము. తలుపులు తెరవడం ఎంత ముఖ్యమో, లోపల ఉన్న సరుకు మంచిదై ఉండడమూ అంతే ముఖ్యమని నమ్మిన మనిషి కాలంలో ఆ సంస్థ రావడం సబబుగానే ఉంది.

1995 జూలై 2న రామ్ రెడ్డిగారు లండన్‌లో మరణించారు. అప్పటికి వారికి అరవై అయిదేళ్ళు. మనలో చాలామంది ఆ వయసుకు పింఛను తీసుకుంటూ పార్కులో నడకకు పోతున్నవాళ్ళమే. వారు అప్పటికి ఉస్మానియా, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక, ఇగ్నో, యు.జి.సి. అన్న నాలుగు పెద్ద సంస్థలకు సారథ్యం వహించారు. జూబ్లీహిల్స్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వారి పేరు పెట్టారు. ఇగ్నోలో వారి స్మారకోపన్యాసాలు ఏర్పాటు చేశారు.

హైటెక్ సిటీలో వారి అవసరం

రామ్ రెడ్డిగారు పోయిన మూడేళ్ళకు, 1998 నవంబరులో, మాదాపూర్ బండరాళ్ళ మధ్య సైబర్ టవర్స్‌ను ప్రధాని శ్రీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తరువాత ఆ ప్రాంతం ఎట్లా మారిపోయిందో మన కళ్ళ ముందటి సంగతే. అక్కడ పనిచేసే పిల్లల జీతాలు మన జీతాలతో పోల్చదగినవి కావు. కాని ఒక విషయంలో వారి కష్టం మన కష్టమే. ఇరవై రెండేళ్ళకు నేర్చుకున్నది ముప్పై అయిదేళ్ళకు పాతబడిపోతున్నది. టీమును నడిపించే స్థాయికి రావాలంటే మరొక పట్టా కావాలి. ఇంటి లోను వాయిదాలు, పిల్లల ఫీజులు ఉండగా ఉద్యోగం మానేసి కాలేజీకి పోవడం ఎవరివల్ల అవుతుంది? 1984లో నాకు ఎదురైన ప్రశ్నే ఇది.

మా కోడలు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూనే ఇగ్నోలో మేనేజిమెంటు చదివింది. రాత్రి పదిన్నరకు లాప్‌టాప్ మూసి పుస్తకం తెరిచేది. ఆ సమయంలో ఇంట్లో టీవీ సౌండు తగ్గించే బాధ్యత నాది. మనుమరాలికి అన్నం తినిపించే బాధ్యత మా ఆవిడది. పెద్దవయసులో చదివేవారికి ఫీజు కట్టేవారికంటే, పక్కన నిలబడే ఇంటివారే ఎక్కువ అవసరం. ఆ సంగతి నా చదువు రోజుల్లో నా భార్య వల్ల నాకు తెలిసింది.

మన ఇళ్ళలో ఇట్లా చదవదలచుకున్న కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు, అల్లుళ్ళు ఉంటే వారికి ఈ రెండు మూడు విషయాలు చెప్పండి. చేరబోయే విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు దూరవిద్యలో యు.జి.సి. అనుమతి ఉన్నదో లేదో యు.జి.సి. వెబ్‌సైటులో చూసుకున్న తరువాతనే డబ్బు కట్టాలి. 2024 నుండి దూరవిద్యలో చేరేవారు డెబ్ ఐడీ అనే నంబరు ముందుగా తీసుకోవలసి ఉంటుంది. ఇంజనీరింగు, వైద్యం వంటి కోర్సులను దూరవిద్యలో ఇస్తామని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి 2022లో యు.జి.సి. వీలు కల్పించింది. వాటిలో ఒకటి దూరవిద్యలో తీసుకోవచ్చు.

పట్టా ఇప్పిస్తాము, పరీక్ష రాయనక్కరలేదు అని ఫోన్లు చేసేవారు ఈనాడు ఎక్కువయ్యారు. వారిని దగ్గరకు రానివ్వకండి. రామ్ రెడ్డిగారు తెరిచినది ప్రవేశద్వారం. దొడ్డిదారి కాదు. ఆ తేడా నిలబడినంత కాలమే, ఆదివారాలు, రాత్రులు ధారపోసి చదివిన మన పట్టాలకు గౌరవం నిలుస్తుంది. ఒకరు కొనుక్కున్న పట్టా వెయ్యిమంది కష్టపడి సంపాదించిన పట్టాల విలువ తగ్గిస్తుంది.

కరీంనగర్ జిల్లా పల్లెలో పుట్టి, విశ్వవిద్యాలయం ఎంత దూరమో తెలిసి, ఆ దూరాన్ని తగ్గించడమే తన పనిగా పెట్టుకున్న ఆచార్యుడు ఆయన. ఆయన ఏర్పరచిన దారిలో పట్టభద్రులైన గుమాస్తాలు, టీచర్లు, నర్సులు, కండక్టర్లు, గృహిణులు తెలుగునాట ప్రతి ఊరిలోనూ ఉన్నారు. మన సంఘంలోనూ ఉన్నారు. వారందరి తరఫున కీ.శే. ఆచార్య జి. రామ్ రెడ్డిగారి స్మృతికి నమస్కరిస్తున్నాను. ఓపెన్ యూనివర్సిటీలో చదివిన మన సభ్యులు తమ అనుభవాలను కూడా రాసి పంపితే, రాబోయే సంచికలలో మన పిల్లలు చదువుకుంటారు.